తరంగాలు చేసే మేలూ కీడూ: పాఠ్యపుస్తకం పట్టిక చెప్పని లెక్క

పరీక్షల ముందు బట్టీ పట్టే పట్టికల్లో విద్యుదయస్కాంత తరంగాలది ఒకటి. ఒక గడిలో ఉపయోగాలు, పక్క గడిలో ప్రమాదాలు. గామా కిరణాల ఉపయోగం క్యాన్సర్ చికిత్స, ప్రమాదం క్యాన్సర్. అతినీలలోహిత కిరణాలు నీటిని శుద్ధి చేస్తాయి, చర్మాన్ని పాడు చేస్తాయి. మైక్రోవేవ్‌లు కూర వేడి చేస్తాయి, కణజాలాన్నీ వేడి చేస్తాయి. ఇలా రాస్తే మార్కులు పడతాయి. మందూ అదే, జబ్బూ అదే ఎలా అయిందని అడగడానికి మాత్రం ఆ పట్టికలో గడి లేదు. అందుకే అపార్ట్‌మెంట్ మీద సెల్ టవర్ వద్దని ధర్నాకు కూర్చున్నవారే, సాయంత్రం ఊరేగింపులో డీజే బండి పక్కన పసిపిల్లను ఎత్తుకుని నిలబడగలుగుతున్నారు.

తరంగం ఒక పదార్థం గుండా ఏమీ వదలకుండా వెళ్ళిపోతే దానివల్ల ఆ పదార్థానికి మేలూ లేదు, కీడూ లేదు. శక్తి ఎక్కడ శోషణ అయితే అక్కడే పని జరుగుతుంది, హాని జరిగినా అక్కడే. కాబట్టి ఏ తరంగం గురించైనా అడగాల్సినవి నాలుగు: శక్తి ఎక్కడ దిగుతోంది, ఎంతెంత ముక్కలుగా దిగుతోంది, సెకనుకు ఎంత దిగుతోంది, ఎంతసేపు దిగుతోంది. భయాలూ నిర్లక్ష్యాలూ చాలావరకు ఈ నాలుగింటినీ కలిపేయడం వల్ల వస్తున్నవే.

తరంగం మోసుకెళ్ళేది ఏమిటి?

చెరువులో రాయి వేస్తే అల ఒడ్డుకు వస్తుంది, నీరు రాదు. తేలుతున్న ఆకు ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది. ప్రయాణించింది శక్తి. ధ్వనికీ, నీటి అలకూ, భూకంప తరంగానికీ యానకం, అంటే ప్రయాణించడానికి ఒక పదార్థం, కావాలి, వీటిని యాంత్రిక తరంగాలంటాం. కాంతి, రేడియో, ఎక్స్ కిరణాల వంటి విద్యుదయస్కాంత తరంగాలకు యానకం అక్కర్లేదు. శూన్యంలో వీటన్నిటి వేగం ఒకటే, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు.

వేగం = పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని కంపనాలు) × తరంగదైర్ఘ్యం (ఒక్కో అల పొడవు). ఈ సూత్రం అందరికీ వచ్చు. ఇందులో ఎవరి పెత్తనం ఎంతో తెలియకనే తప్పులు పోతాయి. పౌనఃపున్యాన్ని నిర్ణయించేది తరంగాన్ని పుట్టించిన జనకం. వేగాన్ని నిర్ణయించేది యానకం. తరంగదైర్ఘ్యం ఆ రెండింటికీ తగ్గట్టు సర్దుకుంటుంది. 600 నానోమీటర్ల నారింజ రంగు కాంతి నీటిలోకి వెళ్తే వేగం 1.33 రెట్లు తగ్గి, తరంగదైర్ఘ్యం 450 నానోమీటర్లు అవుతుంది. గాలిలో 450 అంటే నీలం. అయినా నీటి అడుగున నారింజ రంగు వస్తువు నీలంగా కనబడదు, ఎందుకంటే పౌనఃపున్యం మారలేదు. కంటిలోని రసాయనం స్పందించేది దానికే.

కంపన పరిమితి, అంటే అల ఊగే ఎత్తు, రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఒక చదరపు మీటరు మీద సెకనుకు పడే శక్తిని తీవ్రత అంటారు. దీన్ని చదరపు మీటరుకు ఇన్ని వాట్లని చెబుతారు. అన్ని దిక్కులకూ వ్యాపించే తరంగమైతే దూరం రెట్టింపయ్యే కొద్దీ తీవ్రత నాలుగో వంతు అవుతుంది. ఈ రెండు వాక్యాలూ ముందు ముందు పదేపదే పనికొస్తాయి.

పొడవును బట్టి దారి

అడ్డు వచ్చిన వస్తువు తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చిన్నదైతే తరంగం దాన్ని చుట్టి వెళ్ళిపోతుంది. పెద్దదైతే నీడ పడుతుంది. ఇదే వివర్తనం. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. 30 కోట్లను 7,38,000తో భాగిస్తే 406.5 మీటర్లు. అంత పొడుగు అలకు గుట్టలూ భవనాలూ ఒక లెక్కలోవి కావు, అందుకే మీడియం వేవ్ కార్యక్రమాలు మారుమూల పల్లెలకూ చేరాయి. హైదరాబాద్ వివిధభారతి 102.8 మెగాహెర్ట్జ్, అంటే 2.92 మీటర్లు. దీనికి గుట్ట అడ్డమే. ఫోన్‌లో ఎఫ్.ఎం. వినడానికి ఇయర్‌ఫోన్ పెట్టమనడం వెనక కూడా ఈ లెక్కే ఉంది. ఆ తీగే యాంటెన్నా, తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, అంటే 73 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటే అది బాగా పట్టుకుంటుంది.

ధ్వనిలోనూ అంతే. 50 హెర్ట్జ్ బేస్ తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు, 5,000 హెర్ట్జ్ కీచుధ్వనిది 7 సెంటీమీటర్లు. మూడు వీధుల అవతల ఊరేగింపు పోతుంటే పాట మాటలు వినిపించవు, దమ్ దమ్ మాత్రం మన కిటికీ దాకా వస్తుంది. మాటల్ని గోడలు ఆపేశాయి. బేస్ వాటిని చుట్టి వచ్చింది, కొంత గోడనే కదిలించి లోపలికి వచ్చింది.

ఒక్కో పొట్లంలో ఎంత, మొత్తం ఎంత

విద్యుదయస్కాంత తరంగం తన శక్తిని చిన్న చిన్న పొట్లాలుగా దింపుతుంది, వాటి పేరు ఫోటాన్లు. ఒక్కో ఫోటాన్ శక్తి పౌనఃపున్యానికి అనులోమానుపాతంలో ఉంటుంది. దీన్ని ఎలక్ట్రాన్ వోల్టు అనే అతిచిన్న శక్తి ప్రమాణంలో కొలిస్తే అంకెలు తేలిగ్గా పట్టుబడతాయి.

మన శరీరంలోని అణువులను కట్టి ఉంచే బంధాలు తెంచడానికి మోటుగా 3 నుంచి 5 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను పీకేయడానికి, అంటే అయనీకరణానికి, 10 పైచిలుకు కావాలి. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్‌ల ఫోటాన్ శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు. ఒంటి వేడికి అణువులు వాటంతటవే కదలాడే శక్తి దానికి రెండున్నర వేల రెట్లు ఎక్కువ! ఎర్రకాంతి ఫోటాన్ 1.8, ఊదా 3.1, ఎండలో చర్మాన్ని కమిలించే 300 నానోమీటర్ల అతినీలలోహితం 4.1. ఎక్స్ కిరణాల ఫోటాన్లకు పదుల వేలు ఉంటాయి. కోబాల్ట్-60 గామా కిరణాలవి 11.7 లక్షలు, 13.3 లక్షలు.

మామిడికాయ దాకా ఎగరని రాళ్ళు ఎన్ని విసిరినా కాయ రాలదు. తక్కువ శక్తి ఫోటాన్లు కోట్లకొద్దీ పడ్డా డీఎన్ఏ బంధం తెగనిది అందుకే. అలాగని అవి ఊరికే పోవు, అన్నీ కలిసి వేడి పుట్టిస్తాయి, ఆ వేడి కాలుస్తుంది కూడా. అంటే ప్రమాదాలు రెండు జాతులు. మొదటి రకంలో, చురుకైన ఫోటాన్లు కొద్దిగా పడ్డా కణంలో రాతను మార్చవచ్చు, ఫలితం ఏళ్ళ తర్వాత బయటపడవచ్చు. రెండో రకంలో, మందకొడి ఫోటాన్లు గుంపుగా పడితే అప్పటికప్పుడు వేడి చేస్తాయి, ఆపితే ఆగుతుంది.

ఈ గీత కత్తితో కోసినట్టు ఉండదు. పుట్టు కామెర్లు వచ్చిన పసిపిల్లల్ని నీలికాంతి కింద పడుకోబెడతారు. 460 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే ఆ కాంతికి అయనీకరించే శక్తి లేదు, కానీ ఆ పసుపుకు కారణమైన బిలిరుబిన్ అణువు ఆకారాన్ని మార్చి ఒంట్లోంచి బయటికి పోయేలా చేస్తుంది. ఆ సమయంలో పిల్లల కళ్ళకు గంతలు కట్టేది కూడా కాంతి చేసే ఆ రసాయనం రెటీనాలో జరగకూడదనే.

మైక్రోవేవ్ ఓవెన్ లోపల

ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, తరంగదైర్ఘ్యం 12.2 సెంటీమీటర్లు. అది నీటి అణువు సహజ పౌనఃపున్యమనీ, అనునాదం వల్ల వేడెక్కుతుందనీ కొన్ని గైడ్లలో రాస్తారు. అది తప్పు. నీరు గట్టిగా శోషించే చోటు దాదాపు 20 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంది. అంత శోషణ ఉంటే కూర పైపొర మాడి లోపల చల్లగా ఉండిపోతుంది. 2.45 దగ్గర నీటి అణువులు మారే విద్యుత్ క్షేత్రం వెంట తిరగబోయి కాస్త వెనకబడతాయి, ఆ ఒరిపిడే వేడి. శోషణ ఓ మోస్తరుగా ఉండడం వల్ల తరంగం ఆహారంలోకి ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల దాకా వెళ్తుంది.

లెక్క చేసి చూద్దాం. 250 మిల్లీలీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 80కి తేవాలంటే 250 × 4.18 × 50 = 52,250 జౌళ్ళు. 800 వాట్ల శక్తి నీటిలోకి దిగితే 65 సెకన్లు చాలు. ఓవెన్ మీద 800 అని రాసి ఉన్నా కరెంటు సుమారు 1,200 వాట్లు లాగుతుంది, మిగతాది యంత్రం వేడికీ ఫ్యానుకూ పోతుంది.

లోపలి ఉక్కు గోడల మధ్య పరావర్తనం చెందిన తరంగాలు ఒకదాని మీద ఒకటి పడి స్థిర తరంగాలు ఏర్పడతాయి. వేడి గుబ్బలు సగం తరంగదైర్ఘ్యం దూరంలో, అంటే 6 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున వస్తాయి. పళ్ళెం తిరిగేది ఆ గుబ్బల్ని అంతటా పంచడానికే. పళ్ళెం, దాని కింది చక్రం తీసేసి చాక్లెట్ పలకను 20 సెకన్లు పెడితే కరిగిన మచ్చలు విడివిడిగా కనబడతాయి. వాటి మధ్య దూరాన్ని రెండుతో హెచ్చించి పౌనఃపున్యంతో గుణిస్తే కాంతి వేగం వంటింట్లోనే తేలుతుంది.

గడ్డకట్టిన కూర అంచులు కుతకుతలాడుతుంటే మధ్యలో మంచుగడ్డ అలాగే ఉండడం అందరూ చూసేదే. మంచులో నీటి అణువులు బిగుసుకుని తిరగలేవు కాబట్టి శోషణ చాలా తక్కువ. ఒకచోట కాస్త కరిగిందా, శక్తంతా అక్కడికే దిగి అక్కడే మరుగుతుంది. డీఫ్రాస్ట్ మీట కాసేపు ఆన్, కాసేపు ఆఫ్ చేస్తుంది, ఆ విరామంలో వేడి లోపలికి పాకుతుంది.

తలుపు జాలీ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు, తరంగదైర్ఘ్యంలో వందో వంతు. లోపలి దీపపు కాంతి వాటిలోంచి సులువుగా వస్తుంది, మైక్రోవేవ్ రాదు. తలుపు అంచున కొంత కారినా 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదని ప్రమాణం. కారే చోటు చిన్నదనుకుంటే అదే అర మీటరు దూరంలో వందో వంతు అవుతుంది. నిజంగా చూసుకోవాల్సింది వంకరపోయిన తలుపు, విరిగిన కీలు. ఎక్కువ మోతాదు పడితే మొదట దెబ్బతినేది కంటి కటకం. అందులో రక్తనాళాలు లేవు, చేరిన వేడిని మోసుకుపోయే దారి లేదు. ఇళ్ళలో తరచూ జరిగేది మాత్రం మామూలు వేడినీటి ప్రమాదమే. నున్నటి గాజు గ్లాసులో నీరు బుడగ లేకుండా 100 డిగ్రీలు దాటి, చెంచా పెట్టగానే ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. ముందే ఒక చెక్కపుల్ల వేసి పెడితే ఆ బెడద ఉండదు.

సెల్ టవర్: లెక్క ఒక చోట, వాదన ఇంకో చోట

భారత టెలికాం శాఖ 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతును అమలులోకి తెచ్చింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 దగ్గర 0.9 వాట్లు. దీన్ని ఒక టవర్‌కు అన్వయిద్దాం. ట్రాన్స్‌మిటర్ 20 వాట్లు, యాంటెన్నా దాన్ని ఒక దిక్కుకు 50 రెట్లు కేంద్రీకరిస్తుంది అనుకుంటే, ఆ దిక్కున నిలబడినవారికి అది 1,000 వాట్ల జనకంతో సమానం. 50 మీటర్ల దూరంలో గోళ వైశాల్యం 4π × 2,500 = 31,416 చదరపు మీటర్లు. తీవ్రత 1,000 ÷ 31,416 = 0.032 వాట్లు. 1800 దగ్గరి పరిమితిలో ఇరవై ఎనిమిదో వంతు. ఒకే స్తంభం మీద తొమ్మిది యాంటెన్నాలు అదే దిక్కు చూస్తున్నా మూడో వంతుకు మించదు.

అదే లెక్కను తిరగేస్తే పరిమితి దాటే దూరం తెలుస్తుంది: ఒక యాంటెన్నాకు 9.4 మీటర్లు. కాబట్టి టవర్ కింది అంతస్తులో ఉన్నవారి కంటే, యాంటెన్నా ఎత్తులోనే దానికి ఎదురుగా పది మీటర్లలోపు వచ్చే పక్క మేడ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. నీళ్ళ ట్యాంకు కడగడానికో, రంగులు వేయడానికో యాంటెన్నా ముందుకు వెళ్ళే పనివాళ్ళ సంగతి మరీ ముఖ్యం, దాన్ని ఎవరూ పట్టించుకోరు. యాంటెన్నా వెనకా కిందా వచ్చేది చాలా తక్కువ. ఒక ప్రాంతంలో ఏ టవర్ నిబంధనలకు లోబడి ఉందో కేంద్రం 2017లో ప్రారంభించిన తరంగ్ సంచార్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు.

తలకు ఆనించుకునే ఫోన్ సంగతి వేరు. 4జీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్లే పంపినా దూరం సెంటీమీటర్లలో ఉంటుంది. అందుకే దాన్ని తీవ్రతలో కొలవరు, కణజాలంలోకి దిగిన శక్తిలో కొలుస్తారు. మన దేశంలో పరిమితి ఒక గ్రాము కణజాలం సగటున కిలోకు 1.6 వాట్లు. *#07# నొక్కితే చాలా ఫోన్లు ఆ అంకె చూపిస్తాయి. టవర్ దూరమయ్యే కొద్దీ ఫోన్ గొంతు పెంచుతుంది. వీధిలో టవర్ తీసేయిస్తే అందరి చెవుల దగ్గరా ఫోన్లు ఎక్కువ శక్తి పంపడం మొదలుపెడతాయన్నది ధర్నాల్లో వినబడని విషయం.

వేడికి సంబంధించినంతవరకు ఇది తేలిన లెక్క. వేడి కాకుండా ఇంకేదైనా ప్రభావం ఉందా అన్నదే అసలు వాదన. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను '2బి'లో, అంటే 'క్యాన్సర్ కారకం కావచ్చు' అన్న వర్గంలో పెట్టింది. ఎక్కువగా ఫోన్ వాడిన పదో వంతు మందిలో ఒక రకం మెదడు గడ్డ కాస్త ఎక్కువగా కనబడిందని 2010 నాటి ఇంటర్‌ఫోన్ అధ్యయనం చెప్పడం అందుకు ఒక కారణం. అయితే రోగులు తమ పాత వాడకాన్ని గుర్తు తెచ్చుకుని చెప్పడంలో పొరపాట్లు ఉండవచ్చని ఆ అధ్యయనమే హెచ్చరించింది. 2018లో అమెరికా ప్రభుత్వ ప్రయోగంలో ఒళ్ళంతా అధిక మోతాదు తగిలిన మగ ఎలుకల్లో కొన్నిటికి గుండెలో గడ్డలు వచ్చాయి. విచిత్రంగా, తరంగాలు తగలని మగ ఎలుకల కంటే తగిలినవే ఎక్కువ కాలం బతికాయి. రెండో వైపు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన 2024 నాటి సమీక్ష మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని తేల్చింది.

2బి అన్న ముద్ర సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. తూర్పు ఆసియావాళ్ళ సంప్రదాయ ఊరగాయ కూరలు కూడా 2బిలోనే ఉన్నాయి. (మన ఆవకాయ ఆ జాబితాలో లేదు, కంగారు పడక్కర్లేదు.) ఎండ, మద్యం 'తప్పక కారకం' అనే మొదటి వర్గంలో ఉన్నాయి. నన్నడిగితే, టవర్ మీద ఖర్చు పెట్టే భయంలో సగం కింద చెప్పబోయే వాటికి మళ్ళిస్తే లాభం.

డీజే బండి పక్కన ఎంతసేపు?

ధ్వనికి ఫోటాన్ లెక్క లేదు. అది గాలిని ఒత్తుతుంది, వదులుతుంది. చెవి లోపలి కోక్లియాలో ఒక్కో చెవికి సుమారు 15,000 రోమ కణాలుంటాయి, శక్తి దిగేది వాటి మీద. అవి మాడిపోతే మనిషిలో మళ్ళీ మొలవవు.

డెసిబెల్ కొలత లాగరిథమ్ మీద నడుస్తుంది, మోసపోయేది అక్కడే. 3 డెసిబెళ్ళు పెరిగితే శక్తి రెట్టింపు, 10 పెరిగితే పది రెట్లు. మామూలు మాట 60, డీజే స్పీకర్ ముందు 120 అనుకుంటే తేడా పది లక్షల రెట్లు. చెవికి మాత్రం ప్రతి 10 డెసిబెళ్ళూ సుమారు రెట్టింపుగా వినబడతాయి కాబట్టి అది 64 రెట్ల గోలగానే తోస్తుంది. పది లక్షల రెట్ల దెబ్బను మెదడు 64గా రాసుకుంటోంది.

మీటరు దూరంలో 120 ఉంటే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతూ 8 మీటర్ల దగ్గర 102, 16 దగ్గర 96, 32 దగ్గర 90 అవుతుంది. ఇది మైదానం లెక్క. ఇరుకు వీధిలో గోడల పరావర్తనం వల్లా, స్పీకర్లు వరుసగా పేర్చడం వల్లా అంత తగ్గదు. ఇక ఎంతసేపు? అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సూత్రం ప్రకారం 85 డెసిబెళ్ళ దగ్గర 8 గంటలు, ఆపైన ప్రతి మూడింటికీ సమయం సగం. అలా 96 దగ్గర సుమారు 38 నిమిషాలు, 102 దగ్గర 9 నిమిషాలు. మన ఫ్యాక్టరీ నిబంధనలు 90 దగ్గర 8 గంటలు ఇచ్చి, ప్రతి ఐదింటికీ సగం చేస్తాయి. వాటి ప్రకారం 96 దగ్గర మూడున్నర గంటలు ఉండవచ్చు. మూడు సూత్రం శక్తి లెక్కను యథాతథంగా పాటిస్తుంది. ఐదు సూత్రం వెనక, మధ్యమధ్య విరామాల్లో చెవి తేరుకుంటుందన్న అంచనా ఉంది. విరామం లేని ఊరేగింపుకు మొదటిదే సరిపోతుంది.

మర్నాడు పొద్దున చెవులు గుయ్‌మని, సాయంత్రానికి సర్దుకుంటే ఏమీ కాలేదనుకుంటాం. తాత్కాలికంగా సర్దుకున్నా కొంత నష్టం మిగిలే ఉండవచ్చు. వినికిడి మొదట పోయేది 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య. 'స', 'శ' వంటి ఊపిరి అక్షరాలకు ఆ భాగం కీలకం. అందుకే అలాంటివాళ్ళు 'వినబడుతోంది గానీ ఏమన్నారో తెలియడం లేదు' అంటారు.

2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. 2024 అక్టోబరు 1న హైదరాబాద్ పోలీసు కమిషనర్ మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఉపాధి పోతుందని డీజేవాళ్ళు, నిద్ర పోతుందని వీధివాళ్ళు వాదించుకునే చోట కొలత విషయంలో ఒక చిక్కు ఉంది. చట్టం వాడే 'ఎ' తూకం మన చెవి స్పందనను అనుకరిస్తుంది, అంటే 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 డెసిబెళ్ళు తగ్గించి చూపుతుంది. కిటికీ రెక్కలు అదిరే బేస్ నిజానికి 100 ఉన్నా మీటరు 70 అంటుంది. ఇద్దరూ చెప్పేది వాళ్ళ వాళ్ళ కొలతలో నిజమే.

కనబడని కిరణం, కనబడే నీలి వెలుగు

వాటర్ ప్యూరిఫైయర్‌లోని పాదరస దీపం 254 నానోమీటర్ల అతినీలలోహితం ఇస్తుంది. సూక్ష్మజీవి డీఎన్ఏ దాన్ని శోషించి, పక్కపక్క అక్షరాలు అతుక్కుపోయి, ఇక పిల్లలు పెట్టలేదు. కనబడే నీలి వెలుగు అసలు పని చేసే కిరణం కాదు. 8,000, 9,000 గంటల తర్వాత దీపం నీలంగా వెలుగుతూనే ఉన్నా కిరణం సన్నగిల్లుతుంది. బోరు నీటి సున్నం క్వార్ట్జ్ గొట్టం మీద పేరుకున్నా, నీరు మడ్డిగా ఉన్నా నీడ పడి క్రిములు తప్పించుకుంటాయి. నల్లగొండ వైపు సమస్య అయిన ఫ్లోరైడ్ మీద దీనికి ఏ అధికారమూ లేదు.

అదే కిరణం కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా మీద పడితే పైపొర దెబ్బతింటుంది. వెల్డింగ్ మెరుపు చూసినవాళ్ళకు అప్పుడేమీ తెలియదు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, అర్ధరాత్రి, కళ్ళలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. నొప్పి వెంటనే రాకపోవడమే ఈ తరంగపు చెడ్డగుణం.

ఎక్స్‌రే, సీటీ, అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ

ఎక్స్‌రేలో ఎముక తెల్లగా కనబడాలంటే అది కిరణాలను శోషించాలి. బొమ్మ ఇచ్చేదీ మోతాదు ఇచ్చేదీ ఒకే శోషణ. ఒంటికి తగిలే రేడియేషన్‌ను సీవర్ట్‌లలో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రే మోతాదు సుమారు 0.02 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 వస్తుంది, కాబట్టి ఇది మూడు రోజుల వాటా. పొట్ట సీటీ సుమారు 8, అంటే మూడేళ్ళ పైచిలుకు వాటా. సీవర్ట్‌కు 5 శాతం అన్న అంతర్జాతీయ అంచనాను వాడితే 8 మిల్లీసీవర్ట్‌లకు అదనపు ప్రాణాంతక క్యాన్సర్ ప్రమాదం 0.04 శాతం, రెండున్నర వేల మందిలో ఒకరు. ఎంత చిన్న మోతాదుకైనా ఆ మేరకు ప్రమాదం ఉంటుందన్న సరళరేఖ ఊహ మీద ఈ లెక్క నిలబడింది. 100 మిల్లీసీవర్ట్‌లలోపు కణం తనను తాను బాగుచేసుకుంటుంది, ఆ గీతను అంత కిందికి లాగకూడదని 2005లో ఫ్రాన్స్ అకాడమీలు వాదించాయి. నియంత్రణ సంస్థలు మాత్రం జాగ్రత్త కోసం సరళరేఖనే పాటిస్తున్నాయి. రోగికి చట్టపరంగా మోతాదు పరిమితి లేదు, అవసరం ఉందా అన్నదే ప్రశ్న. అపెండిసైటిస్ తేల్చే సీటీకి ఆ రెండున్నర వేలలో ఒకటి చవక. మామూలు తలనొప్పికి తీసే మూడో సీటీకి కాదు.

ఎక్స్‌రే యంత్రం స్విచ్ కట్టేస్తే గదిలో ఏమీ మిగలదు. గామా జనకానికి స్విచ్ లేదు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో పాత పరికరంతో వచ్చిన కోబాల్ట్-60ని విప్పినప్పుడు ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అమెరికా వెళ్ళే మన మామిడిపండ్ల మీద పురుగు సంతతి ఆగేందుకు కనీసం 400 గ్రే (శోషణ అయిన మోతాదుకు కొలత) గామా పడుతుంది. పండు రేడియోధార్మికం కాదు, దీపం కిందనుంచి తీసిన పుస్తకం వెలగనట్టే ఇదీ.

గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ వట్టి ధ్వని. మెత్తటి కణజాలంలో వేగం సెకనుకు 1,540 మీటర్లు, 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 0.44 మిల్లీమీటర్లు, అంతకంటే చిన్న వివరం కనబడదు. 10 మెగాహెర్ట్జ్ వాడితే ఇంకా నాణ్యంగా కనబడుతుంది కదా అంటే, శోషణ అడ్డుపడుతుంది. సెంటీమీటరుకు, మెగాహెర్ట్జ్‌కు సుమారు అర డెసిబెల్ పోతుంది. 15 సెంటీమీటర్ల లోతుకు రానూపోనూ 30. 3.5 దగ్గర నష్టం 52 డెసిబెళ్ళు, యంత్రం పట్టుకోగలదు. 10 దగ్గర 150, ఏమీ తిరిగి రాదు. కాబట్టి పైనే ఉండే థైరాయిడ్‌కు ఎక్కువ పౌనఃపున్యం, లోతైన కడుపుకు తక్కువ. పూసే జెల్ గాలిపొరను తీసేయడానికి, గాలి ఉంటే ధ్వని 99.9 శాతం చర్మం దగ్గరే పరావర్తనం చెందుతుంది. ఇక్కడి ప్రమాదం వేడి, బుడగలు. వాటి సూచికలు రెండూ స్క్రీన్ మూలన కనబడుతూనే ఉంటాయి. తీవ్రమైన ధ్వని ఆఘాతాలను ఒక బిందువు మీదికి కేంద్రీకరిస్తే కిడ్నీలో రాళ్ళు పగులుతాయి. ఎంఆర్ఐ వాడేది రేడియో తరంగాలు, 1.5 టెస్లా యంత్రంలో 64 మెగాహెర్ట్జ్. అక్కడ భయపడాల్సింది తరంగానికి కాదు, ఎప్పుడూ ఆన్‌లోనే ఉండి ఆక్సిజన్ సిలిండర్‌ను కూడా లాక్కోగల అయస్కాంతానికి.

సునామీ: వేగం తగ్గితే ఎత్తు పెరుగుతుంది

సునామీ తరంగదైర్ఘ్యం వందల కిలోమీటర్లు, సముద్రం లోతు నాలుగు. దానికి హిందూ మహాసముద్రమంతా లోతులేని మడుగే. అలాంటి అల వేగం లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. 4,000 మీటర్ల లోతులో సెకనుకు 198 మీటర్లు, గంటకు 713 కిలోమీటర్లు. 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి గంటకు 36. ముందు భాగం నెమ్మదించి వెనక భాగం తోసుకొస్తుంటే అదే శక్తి తక్కువ నీటిలో ఇరుక్కుని ఎత్తు పెరుగుతుంది. ఎత్తు, లోతు నాలుగో మూలానికి విలోమానుపాతం. 400 రెట్లు లోతు తగ్గితే ఎత్తు నాలుగున్నర రెట్లు. నడిసముద్రంలో 60 సెంటీమీటర్ల అల పడవవాళ్ళకు తెలియనే తెలియదు, తీరం దగ్గర 2.7 మీటర్లై వస్తుంది. ఒడ్డున ఉన్న నేల వాలును బట్టి ఇంకా పైకి ఎక్కుతుంది.

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చిన చోటు నుంచి మన తూర్పు తీరం సుమారు 2,000 కిలోమీటర్లు. భూకంపపు ప్రాథమిక తరంగాలు భూమి లోపల సెకనుకు దాదాపు 8 కిలోమీటర్లు పోతాయి, నాలుగు నిమిషాల పైచిలుకులో ఇక్కడి పరికరాలకు అందుతాయి. సునామీకి పై లెక్కన 2 గంటల 48 నిమిషాలు. రెండు తరంగాల వేగాల తేడాయే హెచ్చరికకు దొరికే వ్యవధి. 2007 అక్టోబరు నుంచి హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సంస్థ) కేంద్రం ఆ వ్యవధిలోనే భూకంపాన్ని కొలిచి, సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరాల్లో నీటిమట్టం నిజంగా కదిలిందో లేదో చూసి, తీర జిల్లాలకు సమాచారం పంపుతోంది. భూకంపం పెద్దదైనంత మాత్రాన సునామీ రాదు. 2012 ఏప్రిల్ 11న అదే ప్రాంతంలో 8.6 తీవ్రత భూకంపం వచ్చినా సముద్రపు అడుగు నేల ఎక్కువగా పక్కలకు జరగడంతో చెప్పుకోదగ్గ అల లేవలేదు. అండమాన్ నికోబార్ దీవులకు మాత్రం ఆ రెండు గంటల వెసులుబాటు లేదు. అవి భూకంపం పుట్టే భ్రంశం, అంటే భూపటలపు పగులు, పక్కనే ఉన్నాయి, అల అరగంటలోపే రావచ్చు. అక్కడ కాళ్ళ కింద నేల గట్టిగా, ఎక్కువసేపు ఊగితే సైరన్ కోసం చూడకుండా మెరకకు వెళ్ళాల్సిందే.